ఉన్నిటోపీల గుడ్లు

కొరియా దక్షిణాన హేనామ్‌లో పండే క్యాబేజీల గురించి అబద్ధం చెప్పడం కష్టం. ఎంత పెద్దది చెప్పినా నిజం దాన్ని దాటుకుని పోతుంది. ఒక ఏడు మెరక చేలోంచి ఒక క్యాబేజీ దొర్లి వచ్చి రోడ్డుకి అడ్డంగా కూర్చుంటే, గ్వాంజు పట్నం నుంచి వచ్చే బస్సులోని జనమంతా దిగి తోస్తే గానీ కదల్లేదని హంగిల్ తండ్రి ప్రమాణం చేసి చెబుతాడు. ఆ బస్సులో తానూ ఉన్నానంటాడు. తోసినవాళ్లలో మాత్రం లేడట. అప్పటికే నడుం నొప్పి.

అలాంటి క్యాబేజీలు వాకిట్లో గుట్టగా పోసి ఉండగా సొల్మి కారు దిగింది. హంగిల్‌తో ఆమె పెళ్లి వచ్చే నెల. పెళ్లికి ముందే అత్తగారింటికి, ఏడాదికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పట్టడానికి వచ్చింది. "మా అమ్మ ఊరికే సరదాకి పిలిచింది, చూసి పోదాం" అన్నాడు హంగిల్. సరదాకి పిలిచిన పిల్ల కోసం గుమ్మం పక్కన గులాబీరంగు రబ్బరు గ్లవ్స్, పువ్వుల పైజామా, పొడుగు బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. బూట్లు ఆమె పాదానికి అతికినట్టు సరిపోయాయి.

"నా కాలి కొలత వీళ్లకెలా తెలుసు?" అంది సొల్మి మెల్లగా.

"అమ్మ అడిగితే చెప్పాను."

"దేనికని అడగలేదా?"

"అమ్మనా?" అన్నాడు హంగిల్, వర్షాన్ని ఎందుకు పడుతున్నావని అడగమన్నట్టు.

దారి పొడుగునా అతను మంచివాడుగానే ఉన్నాడు. పెళ్లయ్యాక వారం రోజులు ఐరోపాలో ఏదో ఒక ఊరికి హనీమూన్ వెళ్లాలి. "ఊరు నీ ఇష్టం" అని రెండుసార్లు అన్నాడు. సొల్మి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. ఆస్ట్రియాలో గ్రాట్స్ అనే ఊరు, అందులో ఒక చిన్న హోటల్, కిటికీ అవతల మంచు, కిటికీ ఇవతల తెల్ల గుడ్డ పరిచిన బల్ల. బల్ల మీద ఉడకబెట్టిన గుడ్లు కప్పుల్లో నిలబడి ఉన్నాయి. చల్లారిపోకుండా ప్రతి గుడ్డుకీ ఎర్ర ఉన్నితో అల్లిన టోపీ. అంతే. ఊళ్లో కోట ఉందో గుడి ఉందో ఆమె చూడలేదు. ఆ బల్ల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఎవరో తెచ్చి పెట్టాలి. ఏడు పొద్దులు. అంతకు మించి ఆమెకి ఐరోపాతో పని లేదు. కళ్లద్దాల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి, ఇంటికి వచ్చి అమ్మకీ తమ్ముడికీ వండిపెట్టే పిల్ల. వచ్చే నెల నుంచి వండే ఇల్లు మారుతుంది, అంతే తేడా.

"ముద్దుగా ఉన్నాయే" అన్నాడు హంగిల్. అప్పుడతని కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

ఆ ఇంటి ఇల్లాలిని ఊరంతా వాందో ఆమె అంటారు. వాందో దీవి నుంచి కోడలుగా వచ్చి పడవ దిగిన రోజు నుంచీ అదే పేరు. పొట్టి మనిషి. చేతులు మాత్రం ఇంకెవరో పొడుగు మనిషివి అరువు తెచ్చుకున్నట్టుంటాయి. సొల్మి వంగి దణ్ణం పెట్టేలోపే కత్తి చేతికిచ్చింది.

"మొదలు దగ్గర కొంచెమే కొయ్యాలమ్మాయ్. సగం దాకా. తర్వాత చేత్తో చీల్చు. మొత్తం కోస్తే లోపలి ఆకు పొట్టు పొట్టుగా రాలిపోతుంది."

సొల్మి చీల్చింది. లోపల పసుపుపచ్చగా, చలికి చెమ్మగిల్లి, పుస్తకంలా తెరుచుకుంది క్యాబేజీ. అత్త తల ఊపింది. అప్పుడే వాకిట్లోకి పిల్‌సున్ వచ్చింది. హంగిల్ పెదనాన్న భార్య, వాందో ఆమెకి తోడికోడలు. ఎక్కడ కూర్చుంటే అక్కడ పొయ్యి రాజేసినట్టుంటుంది, వెచ్చగానూ ఉంటుంది, పొగా వస్తుంది.

"ఏమే వాందో, పెళ్లి కాకముందే పిల్లని నీళ్లలో ముంచావా? మా అత్త నన్ను పెళ్లయిన మర్నాటి దాకా ఆగింది."

"అందుకేగా అక్కా నీకు పని రాలేదు. ఆలస్యమైంది."

పిల్‌సున్ పకపకా నవ్వి సొల్మి పక్కనే పీట వేసుకుంది. ఇద్దరూ ఆకు ఆకు ఎత్తి, తెల్లని మందపాటి మొదళ్లలోకి రాళ్ల ఉప్పు విసురుతున్నారు. ఉప్పు గ్లవ్స్ మీద పడి జారుతుంటే సన్నగా చప్పుడు.

"హనీమూన్‌కి ఎక్కడికే?" అంది పిల్‌సున్.

సొల్మి నోరు తెరిచింది.

"ఐరోపా" అంది వాందో ఆమె.

"ఐరోపా ఊరి పేరా? మా కోడలు పారిస్ పోయింది. అక్కడ సంచులు చవకట. నాకొకటి తెచ్చింది, చూశావుగా, సంతకి పట్టుకెళ్తే చేపలావిడ కూడా బేరం ఆడకుండా ఇచ్చింది. పారిస్ పొమ్మను."

"పారిస్‌లో దొంగలు. రోముకి పోతే ఎండిపోయిన రాళ్లు, అవి మన కొండ మీదే ఉన్నాయి. ప్రాగ్‌లో వంతెన మీద ఫొటో దిగడానికి వరసలో నిలబడాలట." వాందో ఆమె ఒక్కో ఊరినీ ఒక్కో క్యాబేజీలా పక్కకి విసిరేస్తోంది. "చలికాలం. నా కొడుకు కడుపు సంగతి నీకు తెలీదా? రెండు రోజులు పులుసు లేకపోతే పేగులు మెలిపడతాయి."

"నేను గ్రాట్స్ అని..." అంది సొల్మి.

"ఏంటీ?"

"గ్రాట్స్. ఊరు."

"మందుబిళ్ల పేరులా ఉందే" అంది పిల్‌సున్. వాందో ఆమె నవ్వింది. సొల్మి కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండేది. ఆ నవ్వుతో ఊరు కాస్తా ఎగిరిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి, కింద నుంచి వేడి పెట్టిన నేల మీద, పొట్టి బల్ల చుట్టూ చేరారు. పోయినేటి కిమ్చీ మధ్యలో పెట్టారు. ఆ బల్ల దగ్గర ఒక వింత చూసింది సొల్మి. ఇంత పెద్ద బార్లీ నీళ్ల కెటిల్ బల్ల మీద నుంచి దిగలేదు. మామగారు కిమ్చీ ముక్కని తన నీళ్ల గిన్నెలో ఒకసారి ముంచి, దులిపి, అప్పుడు నోట్లో వేసుకున్నాడు. హంగిల్ గిన్నెడు అన్నంలోకి ఒక్క పీలిక తీసుకుని దాంతోనే సరిపెట్టాడు. సొల్మి ఒక ముక్క కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రం ముక్క కోసి పెట్టినట్టుంది.

"ఎలా ఉంది?" అంది అత్త, కళ్లార్పకుండా.

బల్ల చుట్టూ చాప్‌స్టిక్‌లు ఆగాయి. పిల్‌సున్ మోకాలు బల్ల కింద సొల్మి తొడని తాకింది.

"చాలా బాగుంది అత్తయ్యా."

చాప్‌స్టిక్‌లు కదిలాయి. పిల్‌సున్ కెటిల్‌ని చల్లగా ఆమె వైపు జరిపింది.

*

మర్నాడు ఊరిన క్యాబేజీని కడిగారు. మొదలు దగ్గరి తెల్ల కాడని వంచితే విరక్కుండా వంగాలి, అప్పుడది లొంగినట్టు. వాందో ఆమె ఒకటి వంచి చూపించింది. తర్వాత సొల్మి చేతికిచ్చింది. విరగలేదు. మూడు పెద్ద తొట్లు, మూడింట్లోనూ చన్నీళ్లు. మొదటి తొట్లో సొల్మి ముంచి, రెండో తొట్లోకి అందిస్తే పిల్‌సున్ అందుకుంటుంది. మూడో తొట్టి దాకా వచ్చేసరికి వాందో ఆమె ఊరికే తడిపి తీసేస్తోంది.

"ఇంకొంచెం జాడించమంటారా అత్తయ్యా?" అంది సొల్మి.

"అంత జాడిస్తే రుచి నీళ్లలో పోతుంది. నేను చూసుకుంటాగా."

కడిగినవి కోసిన వైపు కిందికి పెట్టి, చెక్కబద్దల మీద బోర్లించారు. నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. రబ్బరు గ్లవ్స్ లోపల సొల్మి వేళ్లు తనవి కానట్టయ్యాయి. మగవాళ్ల పని ముల్లంగి మోయడం. హంగిల్ రెండు బుట్టలు మోశాడు. తండ్రి ఒక బుట్ట మోసి, దాని మీదే కూర్చుని కథ ఎత్తుకున్నాడు.

"మా మేనమామ ఒకాయన అప్పట్లో జర్మనీలో బొగ్గుగనికి పోయాడు. పోతూ పోతూ జాడీడు కిమ్చీ పట్టుకెళ్లాడు. విమానం మబ్బుల్లోకి ఎక్కింది, జాడీ పొంగింది, ఢామ్మని మూత ఎగిరింది! విమానం కప్పుకి అంటుకున్న కారం అది దిగేదాకా రాలేదు. దిగాక అధికార్లొచ్చి వాసన చూసి, ఏంటయ్యా ఇది అంటే, మా అమ్మ అన్నాడు. అంతే, సెల్యూట్ కొట్టి వదిలేశారు."

"నువ్వు ఆ విమానంలో కూడా ఉన్నావా?" అంది వాందో ఆమె.

"లేను. టికెట్టు దొరకలేదు."

నవ్వులయ్యాక వాందో ఆమె చేతులు తుడుచుకుని లోపలికెళ్లి ఒక చిన్న డబ్బా తెచ్చింది. నాలుగు పక్కలా కొక్కేలున్న ప్లాస్టిక్ డబ్బా, కొత్తది, ఇంకా దుకాణం కాగితం అంటుకుని ఉంది.

"జర్మనీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఫ్రాంక్‌ఫర్ట్. నా చిన్నాన్న మనవరాలు అక్కడే ఉంది. మన సరుకుల దుకాణాలు వీధికొకటి ఉన్నాయట. హోటల్ వద్దు. వంటగది ఉన్న ఇల్లు ఒకటి మాట్లాడి పెట్టమన్నాను, పెట్టింది. గ్యాసు పొయ్యి, అన్నం వండుకునే కుక్కర్ కూడా. ఈ డబ్బాలో కిమ్చీ పట్టుకుపోతే వారానికి సరిపోతుంది. రేపు దీన్ని కోడలే తన చేత్తో నింపుతుంది."

సొల్మి నీళ్లలో మునిగి ఉన్న తన చేతుల్ని చూసుకుంది. తొట్లోంచి తీస్తే అందరూ చూస్తారన్నట్టు అక్కడే ఉంచింది.

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏముందట?" అంది పిల్‌సున్.

"దుకాణాలున్నాయని చెప్పాగా అక్కా!"

సొల్మి తల తిప్పి హంగిల్‌ని వెతికింది. అతను ముల్లంగి ఆకులు తుంచుతున్నాడు. ఒక్కో ఆకునీ చాలా శ్రద్ధగా తుంచుతున్నాడు.

కడగడం అయ్యాక కొట్టం వెనక అతన్ని పట్టుకుంది.

"నీకు ముందే తెలుసా?"

"అమ్మ ఫోన్‌లో ఏదో అంది. ఖాయమని నేననుకోలేదు."

"ఊరు నా ఇష్టమన్నావు."

"ఊరేముంది సొల్మీ, ఎక్కడైనా చలేగా. ఆ ఇంటి నుంచి రైల్లో ఎక్కడికైనా పోవచ్చు. పొద్దున్నే కాస్త పులుసు కాచుకుని బయల్దేరితే..."

"ఎవరు కాస్తారు?"

అతను నిజంగానే ఆలోచించాడు. అదే ఆమెకి ఎక్కువ బాధేసింది. ఆ ప్రశ్న అతనికి అప్పుడే కొత్తగా తగిలినట్టుంది.

"నేను గిన్నెలు కడుగుతాలే" అన్నాడు చివరికి. "ఇప్పుడు కాదంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. పెళ్లి ముందు ఎందుకు? మా ఇంట్లో అమ్మకి ఎవరూ ఏదీ కాదని చెప్పరు. నిన్న నువ్వూ చెప్పలేదుగా, కిమ్చీ బాగుందన్నావు."

కొట్టం గోడకి రేకు డబ్బాల్లో పాత ఏళ్ల కిమ్చీ పేర్చి ఉంది, ఎవరూ తినక మిగిలినవి. అన్నీ మూతలు బిగించి ఉన్నాయి.

*

మూడో రోజు పొద్దున వాకిట్లో పెద్ద నీలం పట్టా పరిచి, దాని మీద కారం కొండ పోశారు. ముల్లంగి కోరు, ఉల్లికాడలు, వెల్లుల్లి, బియ్యపు జావ, ఊరబెట్టిన నెత్తళ్ల చేపల రసం, ఉప్పులో ఊరిన చిట్టి రొయ్యలు. వాందో ఆమె మోచేతుల దాకా ముంచి కలుపుతోంది. కలిపి, తలెత్తి గాలి పీల్చి, ఇంకో పెద్ద గరిటెడు రొయ్యలు వేసింది. ఆగి, ఇంకో గరిటె. పిల్‌సున్ ఆకాశం వైపు చూసింది. మామగారు కెటిల్ ఎక్కడుందో చూసుకున్నాడు. ఒక మూల పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆకులకి కారం పూయడం మొదలెట్టే ముందు వాందో ఆమె లేత పసుపు ఆకు ఒకటి తుంచి, కారం చుట్టి, వయసు వరసలో ఒక్కొక్కరి నోట్లో తనే పెడుతుంది. పెట్టి, ఎలా ఉందంటుంది. బాగుందన్నాకే పని మొదలు.

"ఎలా ఉంది?"

"నీ చెయ్యి చెయ్యే వాందో" అంది పిల్‌సున్, నమలకుండా మింగి.

"ఈ ఏడు ఇంకా అదిరింది" అన్నాడు మామగారు. గొంతు సవరించుకున్నాడు.

హంగిల్ బొటనవేలు పైకెత్తాడు. నోరు తెరిచే స్థితిలో లేడు.

వాందో ఆమె నాలుగో ఆకు చుట్టింది. ఇంకో చేత్తో కొక్కేల డబ్బాని సొల్మి ముందుకి జరిపింది. "తిని, ఇది నింపెయ్ అమ్మాయ్. ముందు మీ ప్రయాణానిది అయిపోనీ."

ఆకు సొల్మి నోట్లోకి వచ్చింది. మొదట తియ్యగా ఒక క్షణం, తర్వాత ఉప్పు, నాలుక వెనక్కి ముడుచుకుపోయేంత ఉప్పు. ఆమె నమిలింది. అందరూ ఆమె దవడ కదలడం చూస్తున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరిదో వంటగది, ఎవరిదో పొయ్యి, దాని ముందు తను. కిటికీ అవతల మంచు. వెనకనుంచి హంగిల్ "పులుసు అయిందా?" అనడం. అంతా ఆ ఒక్క ఆకులోనే ఉన్నట్టుంది. మింగితే మింగినట్టే.

మింగింది.

"ఉప్పగా ఉంది అత్తయ్యా" అంది.

మామగారు కెటిల్ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొత్త పిల్ల కదా" అంది పిల్‌సున్ గబగబా, "పట్నం నోరు, మన ఊరి..."

"చాలా ఉప్పగా ఉంది. నిన్నటిదీ, మొన్నటిదీ కూడా ఉప్పే. నేను బాగుందని అబద్ధం చెప్పాను." సొల్మి మాట ఆపలేదు. ఆగితే మళ్లీ రాదని ఆమెకి తెలుసు. "ఫ్రాంక్‌ఫర్ట్ కూడా నాకిష్టం లేదు."

వాందో ఆమె కొడుకు వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

"ఉప్పగా ఉందా?"

మామగారు బూట్ల వైపు చూసుకున్నాడు. పెద్ద పెద్ద క్యాబేజీలతో బస్సులాపిన మనిషికి ఒక్క చిన్న మాట దొరకలేదు. "కొంచెం... నీళ్లతో తింటే..."

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో మరి..."

"అక్కా?"

"నేనేమో నీకే అలా ఇష్టమనుకున్నానే" అంది పిల్‌సున్.

వాందో ఆమె కారం కొండలోంచి ఒక చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది. ఉప్పు ఆమె నాలుకకి తెలియడం లేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది. గ్లవ్స్ తీసేసి, తొట్టి అంచు మీద పెట్టి, లేచి ఇంటి వెనక్కి వెళ్లిపోయింది.

"అయిపోయింది" అంది పిల్‌సున్. "పెళ్లికి నేను కుట్టించుకున్న బట్టలు ఇక దేనికి కట్టుకోనే తల్లీ!"

"ఇప్పుడే చెప్పాలా?" అన్నాడు హంగిల్. "ఒక్క పూట ఆగితే పోయేది. సాయంత్రానికి కారెక్కేవాళ్లం."

సొల్మి కదల్లేదు. కాళ్లకి ఆ బూట్లున్నాయి. విప్పేసి వెళ్లిపోవాలంటే ముందు తన చెప్పులు ఎక్కడ పెట్టారో అడగాలి. అడగడానికి ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. ఎదురుగా డబ్బా నోరు తెరుచుకుని ఉంది.

ఇంటి వెనక మట్టి తవ్వుతున్న చప్పుడు. ఆ తర్వాత వాందో ఆమె వచ్చింది, గడ్డి కప్పి దాచిన గోతిలోంచి తీసిన ముల్లంగులు చీర కొంగులో పోసుకున్నట్టు ఒళ్లో కుప్పగా పట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయేమో, అది చలికి కూడా అవుతుంది. పట్టా మీద గుమ్మరించి, కత్తి అందుకుని, పెద్ద పెద్ద చెక్కలుగా కోయడం మొదలెట్టింది. టక్. టక్. టక్.

"ఆకుల మధ్య ఈ ముక్కలు దూర్చాలి. ఉప్పు పీలుస్తాయి. కారంలో కూడా ఇంకా ముల్లంగి కోరు కలపండి. హంగిల్, చూస్తావేం? కోరు!"

హంగిల్ ఉలిక్కిపడి కూర్చున్నాడు. కోరాము ఎటు పట్టుకోవాలో పిల్‌సున్ చూపించింది.

"ఏ ఊరన్నావు?" అంది వాందో ఆమె, తలెత్తకుండా.

ఎవరిని అడుగుతోందో ఎవరికీ వెంటనే తెలియలేదు.

"గ్రాట్స్ అత్తయ్యా."

"ఏముంది అక్కడ?"

"పెద్దగా ఏం లేదు. హోటల్లో పొద్దున్నే టిఫిన్ పెడతారు. గుడ్లు చల్లారకుండా ఉన్నిటోపీలు తొడుగుతారు."

"గుడ్లకా?"

"ఆఁ."

"ఓ అదెంత!" మామగారికి ప్రాణం లేచి వచ్చింది. "మా మేనమామ జర్మనీలో ఏకంగా కోళ్లకే స్వెట్టర్లు..."

"నువ్వు నోరు ముయ్" అంది వాందో ఆమె. "ఇన్నేళ్లూ మూసుకున్నావుగా, ఇప్పుడూ ముయ్."

టక్. టక్.

"వండేదెవరు?"

"హోటల్ వాళ్లే."

"తిన్నాక గిన్నెలు?"

"మనకి తెలియదు అత్తయ్యా. ఎవరో తీసుకెళ్లిపోతారు."

కత్తి ఆగింది. వాందో ఆమె ఆ మాటని నోట్లో వేసుకుని చూస్తున్నట్టుంది. తర్వాత కొక్కేల డబ్బాని లాక్కుంది. అందులో ముల్లంగి తొక్కలు పోసి పక్కకి తోసింది.

"నా చిన్నాన్న మనవరాలికి నేనేదో చెప్పుకుంటాలే. కుక్కర్ ఉందని తెగ సంబరపడింది పాపం."

"మరి నా కడుపు..." అన్నాడు హంగిల్.

"గుడ్లు తిను."

ఇంకో లేత ఆకు తుంచింది. కారం చుట్టి, మధ్యలో ముల్లంగి ముక్క పెట్టి, సొల్మి నోటి దగ్గరికి తెచ్చింది. ఈసారి ఎలా ఉందని అడగలేదు. "చెప్పు" అంది.

సొల్మి మెల్లగా నమిలింది. బాగుందని చెప్పడం ఇప్పుడు ఎంత తేలికో. పిల్‌సున్ కళ్లు బతిమాలుతున్నాయి.

"ఇంకా కొంచెం ఎక్కువే అత్తయ్యా."

"ఎంత?"

"ఇంకో రెండు ముల్లంగులంత."

వాందో ఆమె రెండు ముల్లంగులు తీసుకుని ఒకటి సొల్మి చేతిలో పెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే కోయసాగారు. ఎండ గోడ దిగి పట్టా దాకా వచ్చింది. పిల్‌సున్ మాంసం ఉడికిందో లేదో పొడిచి చూసే వంకతో మూడు ముక్కలు తినేసింది.

"ఆ హోటల్లో గదికి ఎంతమంది పడతారు?" అంది వాందో ఆమె ఉన్నట్టుండి.

పిల్‌సున్ గొల్లున నవ్వింది. హంగిల్ కూడా నవ్వాడు, నిన్నటి నుంచీ ఇదే మొదటిసారి. సొల్మి అత్త మొహంలో నవ్వు కోసం వెతికింది. దొరకలేదు.

"ఇద్దరే అత్తయ్యా" అంది.

టక్. టక్.

"ఊఁ" అంది వాందో ఆమె. ఇంకో చెక్క కోసి, "అయితే వచ్చేటప్పుడు ఆ టోపీ ఒకటి తీసుకురా."

"అమ్ముతారో లేదో, అడిగి చూస్తాను."

"అడక్కు" అంది వాందో ఆమె. "అడిగితే కాదంటారు. ఎవరూ చూడనప్పుడు సంచిలో వేసుకుని వచ్చెయ్."